బెల్టు "ఒక పన్ను తప్పింది": ఏ పన్ను?

అడిగినవారు:
నాన్నగారి పాత మారుతి 800కి టైమింగ్ బెల్టు మార్పించాం. ఇంటికి తెచ్చిన దగ్గర్నుంచీ బండి ఆగి ఉన్నప్పుడు ఒకటే వణుకు, ఫ్లైఓవర్ ఎక్కాలంటే నీరసం. ఇంకో షెడ్డుకు తీసుకెళ్తే అక్కడి పెద్దాయన మూత విప్పి చూసి, "ఒక పన్ను తప్పింది బాబూ" అన్నాడు. పక్కనే ఉన్న మా తమ్ముడు, బీటెక్ చదువుతున్నాడు లెండి, "లైఫ్ టాక్స్ ఎప్పుడో కట్టేశాం కదండీ!" అన్నాడు. షెడ్డంతా నవ్వు. నేనూ నవ్వాను గానీ ఇంటికొచ్చాక సందేహం పట్టుకుంది. నోట్లో ఉండే పన్నూ, సర్కారుకు కట్టే పన్నూ ఒకే మాటా? యంత్రాల విషయంలో "పన్ను తప్పడం" అందరూ అనేదేనా, ఆయన సొంత మాటా?

తెలుగు మాస్టారు:
ఒకే మాట కాదు నాయనా, ఒకేలా వినపడే రెండు మాటలు. విభక్తి తగిలించి చూడండి, గుట్టు బయటపడుతుంది. కన్ను–కంటికి, మిన్ను–మింటికి, పన్ను–పంటికి. పంటి నొప్పి అంటాం కదా, అందులోదే ఈ పంటి. కట్టే పన్నేమో ఎక్కడా మారదు: పన్నుకు, పన్నుతో, పన్ను ఎగవేత. బహువచనంలోనూ అంతే. కన్ను కళ్ళయినట్టు నోటి పన్ను పళ్ళవుతుంది, సర్కారు పన్ను పన్నులవుతుంది. మీ బండికి రెండు పళ్ళు తప్పి ఉంటే తమ్ముడి పరువు దక్కేది. ఒకటే తప్పబట్టి దొరికిపోయాడు.
నోటి పన్ను అన్న మాటకు "పలు" అన్న రూపం కూడా ఉంది. పలువరుస, పలుదోముపుల్ల అందులోంచే వచ్చాయి. కన్నడంలో హల్లు, తమిళంలో పల్ దీని చుట్టాలే. వల పన్నడం, కుట్ర పన్నడం ఉన్నాయే, అది మూడో పన్ను, క్రియ. దాని జోలికి ఇప్పుడు పోను.

వరంగల్ సభ్యుడు:
సార్, మా దిక్కు పండ్లు తోముకుంటం, పండ్లు తింటం. దువ్వెనకు పండ్లే, రంపానికి పండ్లే. మరి బెల్టుకు ఎందుకుండొద్దు? షెడ్డు పెద్దాయన మాట కొత్తదేం కాదు.

ఇంకొకరు:
గేరుకు "దంతచక్రం" అని ఉంది కదా. అది వాడితే ఈ గందరగోళమే ఉండదు.

వరంగల్ సభ్యుడు:
దంతచక్రం అంటే నాకు దంతవక్త్రుడు యాదికొస్తడన్నా. పండ్ల చక్రమే నయం.

అడిగినవారు:
మాట సంగతి తేలింది. బెల్టు మళ్ళీ వేశారు. ఈసారి సరిగ్గానే పడిందని నాకెలా తెలుస్తుంది?

ఒకప్పటి మెకానిక్కు:
ఇరవై ఏళ్ళు షెడ్డులో చేశాను, చెప్తా వినండి. బెల్టు కింద క్రాంకునూ (పిస్టన్లు తిప్పే ఇరుసు) పైన క్యామునూ (వాల్వులు తెరిచే ఇరుసు) కలిపి తిప్పుతుంది. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యాము ఒక్క చుట్టు. అందుకే కింది చక్రానికి 20 పళ్ళుంటే పైదానికి 40 ఉంటాయి. ఆ లెక్కన ఒక్క పంటి తేడా అంటే క్రాంకు మీద 18 డిగ్రీలు. వాల్వులు అంత ముందో వెనకో తెరుచుకుంటే బండి వణక్క ఏం చేస్తుంది?
బెల్టు వేసి, దాన్ని బిగువుగా పట్టే టెన్షనర్ బిగించగానే తాళంచెవి తిప్పకూడదు. ప్లగ్గులు విప్పేసి, క్రాంకు బోల్టుకు పానా పెట్టి, ఇంజను తిరిగే దిక్కుకే చేత్తో నిదానంగా రెండు నిండు చుట్లు తిప్పాలి. వెనక్కి తిప్పితే వదులు అటుపక్కకు పోయి మళ్ళీ పన్ను తప్పొచ్చు. మధ్యలో ఠక్కున ఆగిందంటే బలం పెట్టొద్దు, వాల్వు పోయి పిస్టన్‌కు తగిలిందేమో. ప్లగ్గులు తీసి ఉంటాయి కాబట్టి అది కంప్రెషన్ బరువు (సిలిండర్లో గాలి నొక్కుకునే బరువు) కాదని అప్పటికప్పుడే తెలిసిపోతుంది. రెండు చుట్లయ్యాక చక్రాల మీదుండే కింది గుర్తు, పై గుర్తు రెండూ వాటి వాటి చోట్లకు రావాలి.
కొత్తవాళ్ళు బోల్తాపడేది ఇంకోచోట. కొన్ని కొత్త బెల్టుల మీద కూడా గీతలుంటాయి. రెండు చుట్లయ్యాక ఆ గీతలు చక్రాల గుర్తులకు ఎదురుగా రాలేదని కంగారుపడి, బాగున్న బెల్టు ఊడదీస్తారు. ఆ గీతలు ఎక్కించేటప్పుడు చూసుకోవడానికే. తిప్పాక అవి ఎటు పోయినా ఫరవాలేదు, చక్రాల గుర్తులు కలిస్తే చాలు. గుర్తును ఎదురుగా నిలబడి చూడాలి. పక్కనుంచి చూస్తే కలిసింది కూడా అర పన్ను పక్కకున్నట్టు కనపడుతుంది.
మాటకొస్తే, మా షెడ్డులో రెండు ముక్కలుండేవి. వేసేటప్పుడే తేడా వస్తే "తప్పింది". వేసినప్పుడు బాగుండి, తర్వాత వదులై తిరుగుతూ తిరుగుతూ జరిగితే "దాటింది". మొదటిది చేసినవాడి ఖాతా, రెండోది బెల్టు ఖాతా.

తెలుగు మాస్టారు:
ఇది ఏ నిఘంటువులోనూ చూడలేదు. రాసిపెట్టుకున్నాను.

అడిగినవారు:
పెద్దాయన "తప్పింది" అనే అన్నాడండీ, "దాటింది" అనలేదు. ఇప్పుడే మొదటి షెడ్డువాళ్ళ బిల్లు తీసి చూశాను. కింద జీఎస్టీ 18 శాతం. ఆ పన్ను మాత్రం ఎక్కడా తప్పలేదు.