బస్తాకు రూపాయి వేసుకుని నిమ్మ రైతుల శిక్షణ మనమే పెట్టుకుందామా?

డక్కిలి_నిమ్మతోట:

అందరికీ నమస్కారం. మాది డక్కిలి వైపు, నాలుగు ఎకరాల నిమ్మ. పోయిన నవంబరులో నిమ్మ, చీనీ (బత్తాయి) రైతులకు ఒకరోజు శిక్షణ అంటే పొద్దున్నే బస్సెక్కి తిరుపతికి పోయాను. ఎవరు పెట్టారో చెప్పను, ఇక్కడ అది ముఖ్యం కాదు. హాల్లో కూర్చోబెట్టి, ఫైలూ పెన్నూ చేతికిచ్చి, తెర మీద బొమ్మలు చూపించారు. పది నుంచి పన్నెండున్నర దాకా మామిడి. (మన దగ్గర ఏ మీటింగయినా అంతే, ముందు తోతాపురి, మిగిలితే మనం.) భోజనానికి ముందు ఇరవై నిమిషాలు నిమ్మ. బంక తెగులుకు వానలకు ముందు మొదలుకు బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన పూత) పూయాలన్నారు. మంచి మాటే. కానీ నేను ఆ మాట విన్న రోజుకు మా తోటలో పద్దెనిమిది చెట్లకు బంక కారుతోంది. అన్నం తిని, బ్యానరు పట్టుకుని ఫోటో దిగి ఇంటికొచ్చాను.

ఇక వార్తల సంగతి. నిమ్మ పేపర్లో పడాలంటే రెండే దారులు. 2022 వేసవిలో లాగా కిలో 200 దాటాలి, లేదా కోత కూలి కూడా రాక రోడ్డు మీద పారబోయాలి. ఈ రెంటికీ మధ్య ఉండే పదకొండు నెలలు మనం ఎవరికీ పట్టం.

అందుకే అడుగుతున్నా. మార్కెట్‌కు వేసే ప్రతి బస్తాకు ఒక రూపాయి పక్కన పెడదాం. ఆ డబ్బుతో మన తోటల్లోనే, మన చెట్ల కిందే, మనకు కావాల్సిన నెలలో శిక్షణ పెట్టించుకుందాం. రోజువారీ ధరలు, తెగుళ్ల కబురు ఒక వాట్సాప్ గ్రూపులో వేసుకుందాం. ఏమంటారు?

గూడూరు_మండీ_పక్కన:

కమీషన్ పోతుంది, హమాలీ పోతుంది, తరుగు పోతుంది. ఇప్పుడు చదువుకు కూడా బస్తాలోనే కోతా? చాలు సామీ.

తోటబడి:

నేను ఉద్యాన సహాయకురాలిగా పనిచేస్తున్నాను. ఏ మండలమో అడగొద్దు.

అన్నా, మీ బాధ నిజమే. మా వైపు మాట కూడా వినండి. ఈ-క్రాప్‌లో పంటల నమోదు మాదే, సబ్సిడీ కాగితాలు మావే, వాన పడితే నష్టం లెక్క మాదే. రైతు భరోసా కేంద్రాలు 2020లో వచ్చాయి, ఇప్పుడు రైతు సేవా కేంద్రాలని పేరు మారింది. బోర్డు మారింది కానీ మా చేతిలో పని తగ్గలేదు. అయినా తోటలో మీటింగు పెడితే ఎంతమంది వస్తారో తెలుసా? డ్రిప్ సబ్సిడీ అంటే అరవై మంది, గజ్జి తెగులు అంటే ఏడుగురు. అందులో ఇద్దరు తోట యజమాని, వాళ్ల అబ్బాయి.

ఒక్కటి సూటిగా అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. బోర్డో పేస్టు ఏడాదికి రెండుసార్లు పూయాలి, వానలకు ముందు ఒకసారి, వానలు పోయాక ఒకసారి. మన తూర్పు మండలాలకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. నవంబరులో విన్నారు కదా, పోనీ జనవరిలో పూశారా?

డక్కిలి_నిమ్మతోట:

పూయలేదమ్మా.

కారణం చెప్తాను, సాకు అనుకున్నా సరే. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు అని తెర మీద చూపించారు, రాసుకున్నాను కూడా. ఇంటికొచ్చి కలిపితే పెరుగు విరిగినట్టు అయింది. సున్నం తప్పా, నీళ్లు తప్పా, నేను తప్పా తెలియలేదు. మంచి మొదళ్లు కూడా పాడవుతాయేమో అని పారబోశాను. ఆ రోజు హాలు బయట ఒక బక్కెట్ పెట్టి, ఒక్కసారి కలిపి చూపించి ఉంటే సరిపోయేది.

పాత_చీనీ_రైతు:

అబ్బాయీ, నువ్వు దేంట్లో కలిపినావు? ఇనుప డబ్బాలోనా?

మాకు ముప్పై ఏళ్ల కిందట ఒక శాస్త్రవేత్త తోటకే వచ్చి చూపించినాడు. మైలుతుత్తం ఒక ప్లాస్టిక్ బక్కెట్‌లో సగం నీళ్లతో విడిగా కరగబెట్టాల. అది తొందరగా కరగదు, రాత్రే గుడ్డలో మూటగట్టి నీళ్లలో వేలాడదీస్తే తెల్లారేసరికి కరిగుంటుంది. సున్నం ఇంకో బక్కెట్‌లో మిగతా సగం నీళ్లతో. సంచిలో మూడేళ్లు మగ్గిన పొడి పనికిరాదు, రాళ్ల సున్నం తెచ్చి అప్పటికప్పుడు విరియబెట్టి వడగట్టాల. తర్వాత మైలుతుత్తం నీళ్లను సున్నంలోకి కొద్దికొద్దిగా పోస్తా కట్టెతో తిప్పుతా ఉండాల. సున్నాన్ని తీసకపోయి తుత్తంలో పోస్తే ముద్దకడుతుంది, నీకు విరిగినట్టు కనపడింది అదే అయుంటుంది.

అయిపోయినాక పరీక్ష ఒకటుంది. సానబెట్టిన ఇనుప కత్తి అందులో ఒక నిమిషం ముంచి తీయి. కత్తి మీద తుప్పు రంగు పూత పట్టిందంటే తుత్తం ఎక్కువైనట్టు, అట్టే పూస్తే బెరడు మాడిపోతుంది. ఇంకాస్త సున్నం పోసి మళ్లీ ముంచు. కత్తి తెల్లగా వస్తే బ్రష్ తీసుకో. కలిపిన రోజే పూయాల, రేపటికి దాచొద్దు.

ఇనుప డబ్బా మాత్రం ముట్టుకోవద్దు.

డక్కిలి_నిమ్మతోట:

పెద్దాయనా, నేను కలిపింది పాత నూనె డబ్బాలో. ఇనుపదే.

పీలేరు_కుర్రోడు:

ఇదంతా యూట్యూబ్‌లో ఉంది కదన్నా. మీటింగులు ఎందుకు, రూపాయి ఎందుకు? ఫోన్ తీస్తే వంద వీడియోలు.

స్వర్ణముఖి_ఒడ్డున:

తమ్ముడూ, ఆ వందలో ఒకటి నన్ను ముంచింది. నాగపూర్ వైపు నారింజ తోట వీడియో, పూత కోసం చెట్లకు నీళ్లు ఆపి ఆకులు వాడేలా చేయడం గురించి. అందులో చెప్పినన్ని రోజులు లెక్కపెట్టి ఆపాను. వాళ్లది నల్లరేగడి, నెల పైన నీళ్లు ఆపినా లోపల తేమ పట్టుకుని ఉంటుంది. నాది ఏటి పక్క ఎర్ర ఇసుక. అందులో సగం రోజులకే ఆకు వాలిపోయింది, నేను వీడియోను నమ్ముకుని ఇంకా ఆపాను. ఆకు మొత్తం రాలి, చిటారు కొమ్మలు ఎండాయి. పూత కాదు కదా, చెట్టు తేరుకోవడానికే ఏడాది పట్టింది. వీడియో చేసినాయన అబద్ధం చెప్పలేదు. ఆయన నేల గురించి ఆయన చెప్పాడు, నా నేల ఆయన చూడలేదు.

నిమ్మకైతే ఇంకో చిక్కు. మనకు ధర వచ్చేది వేసవిలో. ఆ కాయ కావాలంటే పూత అక్టోబరు, నవంబరులో రావాలి, అప్పుడేమో మనకు వానలు. నీళ్లు ఆపేది ఎక్కడ? పైనుంచి దేవుడే పోస్తుంటే! అందుకే నీళ్లకు బదులు మందులతోనే పూతను ఆ నెలలకు తెచ్చేందుకు జూన్‌లో జిబ్బరెల్లిక్ ఆమ్లం, సెప్టెంబరులో సైకోసెల్, అక్టోబరులో పొటాషియం నైట్రేట్ కొట్టే పద్ధతి చెప్తారు. ఇందులో ఒక్క నెల తప్పినా డబ్బు దండగ. జూన్ పని జూన్‌లోనే చెప్పే మనిషి కావాలి. నా ఓటు రూపాయికే.

టాంపా_నుంచి_తిరుపతోడు:

మాది చంద్రగిరి దగ్గర. ఉద్యోగం ఫ్లోరిడాలో. ఇక్కడి సంగతి చెప్తే ఈ చర్చకు పనికొస్తుందేమో.

మీరు అంటున్న బస్తా రూపాయి ఇక్కడ 1935 నుంచే ఉంది. పెట్టెకు ఇంత అని పెంపకందార్లు పన్ను కట్టేలా చట్టమే చేశారు, దాంతో ఒక సిట్రస్ విభాగం నడుస్తోంది. అది ఎక్కువగా ప్రచారానికి, మార్కెటింగ్‌కు పోతుంది. చదువు చెప్పే పని విశ్వవిద్యాలయానిది. లేక్ ఆల్ఫ్రెడ్ అనే ఊళ్లో 1917 నుంచి సిట్రస్ కోసమే ఒక పరిశోధన, విద్యా కేంద్రం ఉంది. జిల్లాకొక విస్తరణ ఉద్యోగి, వార్తాలేఖలు, తోటల్లో ప్రదర్శనలు, అన్నీ ఉన్నాయి.

గూడూరు_మండీ_పక్కన:

అన్నీ ఉండి ఏమైంది? అక్కడ తోటలన్నీ పోయాయని విన్నాం.

టాంపా_నుంచి_తిరుపతోడు:

నిజమే, దాచడానికేం లేదు. 2003-04లో ఫ్లోరిడాలో 24 కోట్ల పెట్టెల నారింజ పండింది. 2024-25కు అది 1.2 కోట్ల పెట్టెలకు పడిపోయింది. తుపాన్లు కొట్టాయి, రియల్ ఎస్టేట్ తినేసింది, కానీ అసలు కారణం గ్రీనింగ్ తెగులు, ఆకులు మచ్చలుగా పసుపు పడి చెట్టు క్షీణించే జబ్బు. దాన్ని మోసే సిల్లా పురుగు 1998లో కనపడింది, తెగులు 2005లో బయటపడింది. నర్సరీ మొక్కలన్నీ వల ఇళ్లలోనే పెంచాలనే నిబంధన ఆ తర్వాత వచ్చింది. ఆలోపు పురుగు మొక్కలతో పాటే ఊళ్లు తిరిగేసింది.

గూడూరు_మండీ_పక్కన:

అదే నేనూ అంటోంది. అంత చదువు చెప్పినా తెగులు ఆగలేదు. మన రూపాయి ఆపుతుందా?

తోటబడి:

అన్నా, ఈ ముక్క మాత్రం వదలను. గ్రీనింగ్ మనకు కొత్తది కాదు, మన దేశంలో ఎప్పటి నుంచో ఉంది, సిల్లా పురుగు మీ తోటలో ఇప్పుడు కూడా ఉంటుంది. దానికి మందు లేదు. సోకిన చెట్టును తీసేయాలి, పురుగును ఆపాలి, మంచి మొక్క నాటాలి, ఇంతే. ఈ మూడూ రైతు కంటి చూపు మీద నడిచేవి. కంటికి నేర్పేది శిక్షణ కాకపోతే ఏమిటి?

మా దగ్గరకు పసుపు ఆకు తెచ్చి 'మేడమ్, జింకు లోపం, ఏం కొట్టాలి' అని అడుగుతారు. షాపులో అలాగే చెప్పి సూక్ష్మపోషకాల ప్యాకెట్ అంటగట్టి ఉంటారు. అప్పుడు నేను చేసే పని ఒకటుంది, మీరూ చేయండి. ముదురు ఆకు ఒకటి కోసి అరచేతిలో పరవండి. నడి ఈనెకు ఎడమ పక్క పసుపు మచ్చ ఉన్న చోట పెన్నుతో సున్నా చుట్టండి. సరిగ్గా దానికి ఎదురుగా కుడి పక్క ఇంకో సున్నా చుట్టండి. రెండు సున్నాల్లోనూ రంగు ఒకేలా ఉంటే అది పోషక లోపం, చెట్టుకు ఆకలి. ఒకదాంట్లో పసుపు, రెండోదాంట్లో పచ్చ ఉంటే గ్రీనింగేమో అని అనుమానించాలి. కాయ కోసి చూడండి, ఒక పక్కకు వంకరపోయి, గింజలు తాలుగా నల్లబడి ఉంటే అనుమానం ఇంకా గట్టిపడుతుంది. అప్పుడు పరీక్షకు పంపాలి. ఆ శిక్షణలో మీకు ఇచ్చిన పెన్ను ఉంది కదా, దానికీ ఒక పని దొరికింది.

పాత_చీనీ_రైతు:

ఈ పాప నాకు నచ్చింది.

స్వర్ణముఖి_ఒడ్డున:

నాకూ. అమ్మా, మీరు ఇది ఎక్కడైనా మీటింగులో చెప్పారా?

తోటబడి:

చెప్పాను. ఆ ఏడుగురికి.

కౌలు_నాలుగెకరాలు:

రూపాయి మాట ఎత్తినప్పటి నుంచి చదువుతూనే ఉన్నా. నా పేరులోనే ఉంది, నేను కౌలుకు చేస్తున్నా. కాయ బస్తా యజమాని పేరున పోతుంది, డబ్బు సగం ఆయనది. రూపాయి ఎవరు కట్టాలి? కట్టిన వాళ్లకే మీటింగు అంటే, మందు కొట్టే నేను బయట, హైదరాబాద్‌లో ఉండే యజమాని గ్రూపులో లోపల. ప్రభుత్వం శిక్షణ ఎంత నాసిగా ఉన్నా తలుపు దగ్గర రసీదు అడగదు కదా.

డక్కిలి_నిమ్మతోట:

ఇది నాకు తట్టలేదన్నా, ఒప్పుకుంటున్నా.

లెక్క కూడా మళ్లీ వేశాను. నాకు బాగా కాసిన ఏడు 400 బస్తాలు, అంటే 400 రూపాయలు. నాలాంటి వాళ్లు 300 మంది చేరితే 1,20,000. నెలకు పది వేలు. ఉద్యాన డిగ్రీ చదివిన మనిషిని పది వేలకు పెట్టుకుంటాం అంటే నవ్వుతారు. 300 మంది చేరడం అంతకన్నా పెద్ద నవ్వు.

అందుకని మార్చి చెప్తున్నా. జీతానికి ఎవర్నీ పెట్టొద్దు. ఏడాదికి నాలుగుసార్లు తోటలో కలుద్దాం, తేదీలు మనం పెడదాం, పంట పనిని బట్టి. ఎవరైనా రావచ్చు, కౌలుకు చేసేవాళ్లు ముందు. వచ్చే శాస్త్రవేత్తకు బండి ఖర్చు, అందరికీ టీ, ఆకు పరీక్షలకు అయ్యే డబ్బు, ఇంతవరకే చందా. పెట్లూరులో నిమ్మ పరిశోధన స్థానం ఉంది, వెంకటగిరి పక్కనే. తిరుపతిలో సిట్రస్ పరిశోధన స్థానం ఉంది. ముప్పై మంది రైతులం సంతకాలు పెట్టి 'ఫలానా ఆదివారం, ఫలానా తోట' అని ఉత్తరం పట్టుకుపోతే ఎవరో ఒకరు రాకుండా ఉండరు. బాలాజీ అనే నిమ్మ రకం గజ్జిని తట్టుకుంటుందని, అది మన రాష్ట్రంలోనే తయారైందని నాకు పోయిన ఏడాది దాకా తెలియదు. ఇరవై ఏళ్లుగా నిమ్మ పెంచుతున్నవాణ్ణి.

గూడూరు_మండీ_పక్కన:

టీ ఖర్చు అయితే ఇస్తా. రూపాయికి మాత్రం ఇప్పటికీ వ్యతిరేకమే, రాసుకోండి. ఇంకోటి, గ్రూపులో ధర వేస్తే మార్కెట్లో నిజంగా పలికిన ధరే వేయాలి. బ్రోకర్ ఫోన్లో చెప్పింది వేస్తే నేనే గొడవ పెడతా. పచ్చి కాయ ధర వేరు, పండు ధర వేరు, అదీ రాయాలి.

పీలేరు_కుర్రోడు:

నేను వీడియో తీస్తా. మన నేల, మన చెట్టు, ఏ నెలో తేదీతో సహా. సరేనా?

స్వర్ణముఖి_ఒడ్డున:

ఇది సరే.

తోటబడి:

ఆదివారం అయితే నేనూ వస్తాను, సెలవు రోజు కాబట్టి నా సొంత పని కింద. ఫోటోలు, బ్యానరు వద్దు. అందరూ తలా ఒక పసుపు ఆకు తెచ్చుకోండి. కొమ్మతో సహా కోయొద్దు, ఆకు ఒక్కటే, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టి. ఒకరి తోట పురుగు ఇంకొకరి తోటకు మనమే మోయకూడదు.

పాత_చీనీ_రైతు:

రాళ్ల సున్నం నేను తెస్తా. రెండు ప్లాస్టిక్ బక్కెట్లు డక్కిలి అబ్బాయి చూసుకోవాల. కత్తి మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోండి. పోయినసారి మా ఇంట్లో కూరగాయల కత్తి ముంచినానని మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలే.