అప్‌డేట్: స్టాటిన్ వేసుకుంటూ బరువులు ఎత్తడం గురించి

కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు అటోర్వాస్టాటిన్ మొదలుపెట్టాక తొడలు పట్టేస్తున్నాయి, జిమ్ మానేయాలా అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

డాక్టర్‌గారు సీకే (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్), థైరాయిడ్ పరీక్షలు రాశారు. సీకేకి రక్తం ఇచ్చే ముందు కొన్ని రోజులు బరువులు ముట్టుకోవద్దన్నారు. స్క్వాట్లు గట్టిగా చేస్తే ఏ మందూ వాడకపోయినా అది పెరుగుతుందట, అప్పుడు రిపోర్టు చూసి అనవసరంగా కంగారు పడతాం. ఈ ముక్క ముందే చెప్పడం చాలా మేలైంది. రెండూ నార్మల్.

మందు మాత్రం సొంతంగా ఆపొద్దని గట్టిగా చెప్పి, రోసువాస్టాటిన్ అనే మరో స్టాటిన్ తక్కువ డోసుకు మార్చారు. నొప్పి బాగా తగ్గింది. తేలిక బరువులతో మళ్లీ మొదలుపెట్టాను, నెమ్మదిగా పెంచుతున్నా. మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి రమ్మన్నారు. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) పరీక్ష వచ్చే నెల, రిపోర్టు రాగానే చెబుతాను.