గోర్కీ నాటకం పక్కన రెన్వార్ సినిమా: ఏ సీన్లు చూపించాలి? సబ్‌టైటిల్స్ సంగతేంటి?

నాటకం నేర్చుకునేవాళ్ల కోసం గోర్కీ రష్యన్ నాటకం ‘నా ద్నే’ (అంటే ‘అట్టడుగున’, 1902) చదివించి, వెంటనే దాని ఆధారంగా ఫ్రెంచ్ దర్శకుడు జాఁ రెన్వార్ తీసిన ‘లే బా-ఫాన్’ (1936) లోంచి ముక్కలు చూపించాలి. మొత్తం సినిమాకి టైం లేదు, నలభై నిమిషాలే.

చిక్కు ఏంటంటే, రెండూ ఒకేచోట మొదలవ్వవు. నాటకంలో చితికిపోయిన దొర బ్యారన్ అప్పటికే పేదల సత్రంలో పడి ఉంటాడు. సినిమాలో మాత్రం అతని పతనం మన కళ్లముందే జరుగుతుంది: జూదంలో పోగొట్టుకుని ఇంటికొస్తే, దొంగతనానికొచ్చిన పేపెల్ కనబడతాడు. లూయీ జూవే (బ్యారన్), జాఁ గాబాఁ (పేపెల్) కలిసి ఉన్న ఆ సీన్ వదలబుద్ధి కాదు గానీ, పోల్చడానికి నాటకంలో దానికి జోడీ లేదు. సత్రంలో అందర్నీ ఓదార్చే ముసలి బాటసారి లూకా పాత్ర సినిమాలో బాగా తగ్గిపోయింది. ముగింపైతే పూర్తిగా వేరు: సత్రంలో ఉండే తాగుబోతు నటుడి ఉరితో ఆగకుండా పేపెల్, అతను ప్రేమించిన నటాషా రోడ్డు పట్టుకుని వెళ్లిపోతారు. సత్రం యజమాని కోస్తిలేవ్ హత్య, నటుడి చావు, ఈ రెండే జోడీగా తీసుకుంటే చాలా? లూకాకి ఏ సీన్ సరిపోతుంది?

ఇంకోటి. సబ్‌టైటిల్ ఫైల్ సెకనుకి 25 ఫ్రేముల కాపీది, వీడియో 24 ఫ్రేములది. మొదటి డైలాగ్ కుదురుతుంది, గంటన్నర దగ్గరికొచ్చేసరికి మూడున్నర నిమిషాలు ముందే పడిపోతుంది. డిలే మార్చి (అన్నిటినీ ఒకేలా జరిపి) లాభం లేదు, టైములన్నీ 1.04167తో (25/24) గుణించాలి, అది తెలుసు. గుణించాక కూడా మధ్యలో ఒకచోట నుంచి నాలుగు సెకన్లు తేడా వస్తోందంటే ప్రింట్‌లో ముక్క తెగినట్టేనా? అక్కణ్ణుంచి మాత్రమే జరపడానికి తేలికైన పద్ధతి చెప్పగలరా?