పాత టీవీ షోల్లో ఇప్పుడు తప్పనిపించే సీన్లు: కోసేయాలా, అట్లే ఉంచాలా?

కొర్లగుంట కుర్రోడు:
టామ్ అండ్ జెర్రీ పాత కార్టూన్లకు 2014లో అమెజాన్, ఐట్యూన్స్ వాళ్లు ముందస్తు హెచ్చరిక తగిలించారు, జాతి వివక్ష ఉన్న సీన్లు వస్తాయని. పిల్లీ ఎలుకా కొట్టుకునే బొమ్మలకు కూడా హెచ్చరికేంది సామీ? 2020 జూన్‌లో బ్రిటన్‌లో యూకేటీవీ అనే ఛానెళ్ల సంస్థ ఇంకో అడుగు ముందుకేసి ఫాల్టీ టవర్స్ అనే పాత హోటల్ కామెడీలో 1975 నాటి ఎపిసోడ్ ఒకటి ఏకంగా తీసేసింది. గొడవయ్యాక మళ్లీ పెట్టారనుకోండి. ఆ కాలంలో ఎవరికీ తప్పనిపించనిది ఇప్పుడు మనకెందుకు? ఇట్లా తవ్వుకుంటూ పోతే పాతవి ఒక్కటీ మిగలవు. నచ్చనోళ్లు ఛానెల్ మార్చుకుంటే పోదా?

పుత్తూరు కట్టు:
అన్నా, టామ్ అండ్ జెర్రీలో పనిమనిషి గుర్తుందా? మొహం చూపించరు. లావుపాటి కాళ్లు, జారిపోయిన మేజోళ్లు, చేతిలో చీపురు, టామ్ మీద అరుపులు, అంతే. నల్లజాతి ఆడమనిషిని అంతకుమించి చూపించే పనిలేదనుకున్నారు.

ఇక ఎవరికీ తప్పనిపించలేదంటే నేనొప్పుకోను. తెల్లవాళ్లు మొహాలకు నల్లరంగు పూసుకుని పాడే బ్లాక్ అండ్ వైట్ మిన్‌స్ట్రెల్ షోను బీబీసీ 1958 నుంచి 1978 దాకా నడిపింది. దాన్ని ఆపమని 1967లోనే అర్జీ పెట్టారు. పెట్టినా ఇంకో పదకొండేళ్లు లాగారు.

కొర్లగుంట కుర్రోడు:
అది మొత్తం ప్రోగ్రామే అట్లాంటిది. ఫాల్టీ టవర్స్ వేరు కదా?

పలమనేరు టమోటా:
వేరే. అక్కడ అన్నకు నా ఓటు. ఆ ఎపిసోడ్‌లో వెస్టిండీస్ వాళ్లనూ మనోళ్లనూ నీచమైన మాటలనేది హోటల్లో ఉండే మతిమరుపు ముసలి మేజర్, నవ్వేది కూడా ఆయన్ని చూసే. ఆ షో రాసి, అందులో నటించిన జాన్ క్లీజ్ వాదన కూడా ఇదే. హెచ్చరిక వేసి తిరిగి పెట్టారు, చాలు.

మైండ్ యువర్ లాంగ్వేజ్ అట్లా కాదు. 1977లో మొదలైంది, లండన్‌లో ఇంగ్లీషు నేర్చుకునే పరాయి దేశాలోళ్ల క్లాసు. సర్దార్జీ చేతులు జోడించి మాటకు ముందు వెయ్యి క్షమాపణలు అనడం, ఆయన యాస, ఇవి తీసేస్తే జోకే లేదు. జనం బాగానే చూస్తా ఉంటే కూడా ఇది అవమానకరంగా ఉందని దాన్ని వేసే ఛానెల్ అధికారి మైకేల్ గ్రేడ్ 1979లో ఆపించాడు. 1979లో! ఈ కాలం కుర్రోళ్లకే మనోభావాలు ఎక్కువయ్యాయని ఇంకోసారి అనొద్దండి దయచేసి. (మన దూరదర్శన్‌లో 1993లో వచ్చిన జబాన్ సంభాల్‌కే దానికి హిందీ నకలు.)

బైరాగిపట్టెడ అక్క:
అందరూ లండన్ అమెరికా తిరుగుతున్నారు, మన టీవీ సంగతేంది? కామెడీ స్కిట్లలో చిత్తూరు యాస ఎవరికిస్తారో చూసినారా? తిక్క పనోడికి, లేదంటే తొడగొట్టే రౌడీకి. నల్లగా ఉండే పెళ్లికూతురి మీద జోకులు, ఆడవేషం కట్టిన మగాణ్ణి కాళ్లతో తన్ని నవ్వించడం, ఇవన్నీ రాత్రి అన్నాలు తినే టైముకే. నేను హైదరాబాదులో చదివేటప్పుడు ఫోన్లో మా అమ్మతో 'యాడుండావు' అంటే చాలు, హాస్టల్ రూమంతా నవ్వేది, ఒకమ్మాయైతే నన్ను మళ్లీ అనమని అడిగి మరీ నవ్వేది. వాళ్లేమీ మన ఊళ్లు చూసినోళ్లు కాదు, టీవీ చూసినోళ్లు.

అందుకే అమెరికా కార్టూన్ షో సింప్సన్స్‌లో అపు అనే పాత్ర మీద గొడవ నాకు వెంటనే తలకెక్కింది. ఆ భారతీయ కొట్టువాడికి ఏళ్ల తరబడి గొంతిచ్చింది హ్యాంక్ అజారియా అనే తెల్లాయన, 2020లో మానుకున్నాడు. అయినా పాతవి కోసేయమని నేననను. కోసేస్తే రేపు అట్లాంటివి మేమెప్పుడు వేశామని దబాయిస్తారు.

కొర్లగుంట కుర్రోడు:
యాస మీద జోకులు మనమూ వేసుకుంటాం కదక్కా. అన్నిటికీ హెచ్చరికలు వేస్తా కూర్చుంటే ప్రోగ్రాం ఎప్పుడేసేది?

బైరాగిపట్టెడ అక్క:
మనలో మనం వేసుకునేది వేరు నైనా. బొమ్మలాడించే మపెట్ షో పాత ఎపిసోడ్లు కొన్నిటికి డిస్నీ ప్లస్‌లో 2021 నుంచి ముందు నోటీసు వేస్తున్నారు, ఎవరూ చూడ్డం మానలేదే. మన దగ్గర సిగరెట్ ముట్టిస్తే కింద అక్షరాలు పడవా?

పుత్తూరు కట్టు:
పిల్లకాయలు ఆ అక్షరాలు చదవరు, నా టెన్షన్ అదే. పెద్దోళ్ల షోలకు సరే. కార్టూన్ ఛానెల్లో మాత్రం బాంబు పేలి మొహం మసిబారి నల్లజాతి వేషమైపోయే సీన్లు తీసేయాల్సిందే. అసలుది కావాల్సినోళ్లు డీవీడీ కొనుక్కుంటారు.

కొర్లగుంట కుర్రోడు:
డీవీడీ ప్లేయర్ ఎవరింట్లో ఉందయ్యా ఇప్పుడు?