ఎరటోస్తనీస్ లెక్క: కచ్చితత్వం ఆయనదా, తర్వాత మనం సర్దిందా?

పాతపటం:
అలెగ్జాండ్రియా గ్రంథాలయానికి అధిపతిగా ఉన్న ఎరటోస్తనీస్ క్రీ.పూ. 3వ శతాబ్దంలోనే భూమి చుట్టుకొలతను 2 శాతం లోపు తేడాతో పట్టేశాడని ఎక్కడ చూసినా రాస్తున్నారు. నేనొప్పుకోను. ఆయన పుస్తకం దక్కలేదు, తర్వాతి కాలపు గ్రీకు రచయిత క్లియోమెడీస్ చెప్పిన సారాంశమే మనకు దిక్కు. జూన్ అయనాంతం (ఏడాదిలో పగలు అన్నిటికన్నా పొడవైన రోజు) నాటి మధ్యాహ్నం సయీన్‌లో (ఇప్పటి అస్వాన్) నీడ పడదు. అదే వేళకు అలెగ్జాండ్రియాలో గిన్నె ఆకారపు నీడగడియారంలో నీడ వృత్తంలో 50వ వంతు, అంటే 7.2 డిగ్రీలు. రెండు ఊళ్ల మధ్య 5,000 స్టేడియన్లు (స్టేడియన్ అంటే ప్రాచీన గ్రీకుల దూరపు కొలత), 50 రెట్లు చేస్తే 2,50,000. ఇంతవరకు పేచీ లేదు. స్టేడియన్‌ను 157.5 మీటర్లనుకుంటే 39,375 కి.మీ., 185 అనుకుంటే 46,250. ధ్రువాల మీదుగా అసలు చుట్టుకొలత 40,008. మనకు నచ్చిన జవాబు వచ్చే స్టేడియన్‌నే ఎంచుకుంటున్నాం.

శంకుచ్ఛాయ:
157.5 ఊరికే పుట్టలేదండీ. ఎరటోస్తనీస్ లెక్కలో ఒక స్కీనస్‌కు 40 స్టేడియన్లని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. స్కీనస్ అంటే 12,000 ఈజిప్టు రాజమూరలు, మూర 52.5 సెం.మీ. అంటే 6,300 మీటర్లు. 40తో భాగించి చూడండి.

పాతపటం:
ఆ స్కీనస్సే ఒక్కోచోట ఒక్కోలా ఉండేది, 30 నుంచి 120 స్టేడియన్ల దాకా అని గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో చెబుతున్నాడు. అది పక్కన పెట్టి పటం చూడండి. అలెగ్జాండ్రియా నుంచి అస్వాన్‌కు గీత గీసినట్టు కొలిచినా సుమారు 840 కి.మీ. మీ లెక్కన 5,000 స్టేడియన్లు 787 కి.మీ. మాత్రమే. నేల మీద కొలిచిన దారి తిన్నని గీతకన్నా పొట్టిగా ఎలా ఉంటుంది? 185 అయితే 925 కి.మీ., నైలు వెంట దారికి అది నమ్మదగ్గ దూరం.

శంకుచ్ఛాయ:
అస్వాన్ 3 డిగ్రీలు తూర్పున ఉంది. ఉత్తర దక్షిణాల మధ్య దూరం మాత్రమే తీసుకుంటే సరిగ్గా 787 దగ్గరికే వస్తుంది. ఆయన దారి వంకరలు తీసేసి ఉండొచ్చు.

పాతపటం:
రెండూ ఒకే రేఖాంశం మీద ఉన్నాయన్నది ఆ పద్ధతికి పునాది. తూర్పు వాలు ఉందనే అనుకోనివాడు దాన్నెందుకు తీసేస్తాడు?

నైలుగట్టు:
మీ ఇద్దరూ స్టేడియన్ దగ్గరే ఆగిపోయారు. నీడ సంగతి చూడండి. సూర్యబింబం అర డిగ్రీ వెడల్పు, కాబట్టి నీడ అంచు మసకబారుతుంది. 7.2 డిగ్రీల లెక్కన మీటరు పుల్ల పాతితే నీడ 12.6 సెం.మీ., ఆ చివర మసక దాదాపు 9 మి.మీ. ముదురు నీడ ఆగినచోట గీత పెడితే కోణం పావు డిగ్రీ తగ్గిపోతుంది, అంటే చుట్టుకొలత 3 శాతం పైగా పెరుగుతుంది. సయీన్ కూడా అప్పట్లో కర్కటరేఖకు 0.4 డిగ్రీ ఉత్తరానే ఉంది. అక్కడ మీటరు పుల్లకు 6, 7 మి.మీ. నీడ పడాలి, కానీ అది మసకలోనే కలిసిపోతుంది. నీడలేని ప్రాంతం 300 స్టేడియన్ల మేర ఉంటుందని క్లియోమెడీసే అంటాడు. ఇన్ని చిక్కులున్నా రెండు ఊళ్ల అక్షాంశాల అసలు తేడా 7.1 డిగ్రీలు, ఆయనకొచ్చింది 7.2. మెచ్చుకోవాల్సింది అదీ.

పాతపటం:
కోణం విషయంలో నాకూ అభ్యంతరం లేదు. కిలోమీటర్ల సంఖ్య రాసేవాళ్లు 39,375, 46,250 రెండూ రాయాలన్నదే నా పట్టు.