పందుల్లో వైరస్ నిఘా: 30 రక్తం నమూనాలా, తాళ్లా?

కొత్తషెడ్డు:
600 పందుల ఫారం. 3 నెలలకోసారి 30 పందుల రక్తం ల్యాబుకి వెళ్తోంది, అన్నీ నెగటివే. పట్టుకోవడం, ముక్కుకి ఉచ్చు వెయ్యడం పెద్ద గోల. రక్తం మానేసి తాళ్లకి (పందులు నమిలిన తాడు పిండి లాలాజలం పరీక్షకి పంపడం) మారిపోవచ్చా?

ఎలీసాప్లేటు:
ఏ రోగం కోసమో చెప్పకపోతే జవాబు లేదండీ. ముందు ఆ 30 సంగతి చూద్దాం. మందలో పదో వంతుకి వైరస్ అంటుకుని ఉంటే, 30 తీస్తే కనీసం ఒకటి దొరికే అవకాశం 95 శాతం. 5 శాతానికే అంటుకుంటే 60 దాకా తియ్యాలి. నూటికి ఒకటే ఉంటే? 30లో దొరికే అవకాశం పావువంతు, అంతే. అంటే నాలుగింట మూడుసార్లు రోగం లోపల ఉండగానే కాగితం మీద నెగటివ్ వస్తుంది. అదీ అన్ని గదుల నుంచీ చీటీలు తీసినట్టు ఎంచితేనే. తలుపు దగ్గర చేతికందినవాటిని పట్టుకుంటే ఆ లెక్కా పోయింది. జబ్బుది మూలన పడుకుని ఉంటుంది.

తాడుమాస్టర్:
పీఆర్‌ఆర్‌ఎస్ (ఈతలు పోయేలా, ఊపిరి ఆడకుండా చేసే వైరస్ జబ్బు), ఇన్‌ఫ్లుయెంజా, పీసీవీ2 (పందుల సర్కోవైరస్)లకి తాడు భేషుగ్గా పనిచేస్తుంది. గదికో తాడు, 20-25 పందుల లాలాజలం ఒకేసారి. రంగూ బ్లీచూ లేని నూలు తాడు కావాలి. పాలు మానిన పిల్లలకి అర అంగుళం లావు, పెద్దవాటికి ఇంకాస్త. కింది కొస పంది భుజం ఎత్తులో, నీళ్ల నిపుల్‌కి దూరంగా ఉండాలి. కొస పేటలు విప్పి వదిలితే త్వరగా నోట పెట్టుకుంటాయి. పొద్దున మేతకి ముందు 20-30 నిమిషాలు చాలు. తాడు ఎరగని పందులు మొదటిసారి వాసన చూసి పోతాయి, ముందురోజే ఓసారి అలవాటు చెయ్యండి.

తడి కొసని ప్లాస్టిక్ సంచిలో దూర్చి, సంచి బయటినుంచే గట్టిగా పిండి, సంచి మూల కత్తిరించి గొట్టంలోకి వంచండి. 5 మి.లీ. వస్తే చాలు. చిక్కగా, గోధుమరంగులో, మేత నలకలతో ఉంటుంది, అది మామూలే. తేటగా వచ్చిందంటే మాత్రం నిపుల్ నీళ్లు కలిశాయి, పారబోసి మళ్లీ తియ్యండి. గొట్టం వెంటనే ఐసులోకి పోవాలి.

ఊదామూత:
ఏఎస్ఎఫ్ (ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్) కోసం అయితే తాడు మీద ఆధారపడకండి. ఆ వైరస్ ముందు రక్తంలో దొరుకుతుంది, నోట్లో ఆలస్యంగా. 25లో ఒకదానికే జ్వరం ఉంటే అది లేచి తాడు నమలదు, మనకి కావలసిందేమో అదే. చచ్చినవి, మేత మానినవి, జ్వరం 40.5 డిగ్రీలు దాటినవి, వీటినే పరీక్షించాలి. పైకి బాగున్న 30 కన్నా ఆ వారం చచ్చిన 2 ఎక్కువ చెప్తాయి.

ఏఎస్ఎఫ్ వస్తే రాత్రికి రాత్రే షెడ్డు ఖాళీ అవుతుందనుకోవడం పొరపాటు. మొదట ఒక గదిలో ఒకటి పోతుంది, కొన్ని రోజులకి పక్కది. ఎండదెబ్బలే అని పాతిపెట్టేది ఆ మొదటిదాన్నే. అనుమానం రాగానే పందుల రాకపోకలు ఆపి పశువైద్యాధికారికి చెప్పండి.

ఫారంలో శవాన్ని కొయ్యొద్దు, చిందిన రక్తమంతా వైరసే. గజ్జల్లో చర్మం కిందే ఉండే లింఫు గ్రంథిని చిన్న గాటుతో తీయించవచ్చు. బతికున్నదాని రక్తం ఊదా మూత ఈడీటీఏ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) గొట్టంలో పట్టి, 8-10 సార్లు మెల్లగా తలకిందులు చెయ్యాలి. ఆకుపచ్చ మూతది వద్దు, అందులోని హెపారిన్ పీసీఆర్‌కి (వైరస్ జన్యువుని వెతికే పరీక్ష) అడ్డు.

తాడుమాస్టర్:
ఒప్పుకుంటా. ఏఎస్ఎఫ్‌కి నా ఓటూ రక్తానికే.

ఈతలగది:
పీఆర్‌ఆర్‌ఎస్‌కి ఇంకో తేలిక దారి ఉంది. 3-5 రోజుల పిల్లలకి తోకలు కత్తిరించి, మగవాటి వృషణాలు తీసేచోట, ఆ ముక్కల్ని పారెయ్యకండి. బకెట్ మీద పల్చటి గుడ్డ కట్టి అందులో వేస్తే కిందికి రసం దిగుతుంది, ల్యాబుకి పంపే నమూనా అదే. ఒక్క పిల్లనీ అదనంగా పట్టుకోకుండా బోలెడు ఈతల సమాచారం వస్తుంది. అయితే ఇది తల్లి కడుపులోనో, పుట్టిన తొలి రోజుల్లోనో అంటుకున్నదే చెప్తుంది. తర్వాత అంటుకున్నది కావాలంటే పాలు మాన్పించేటప్పుడు మళ్లీ చూడాలి. రోజుకో బకెట్. నిన్నటి బకెట్ కడక్కుండా వాడితే నిన్నటి వైరస్సే ఇవాళ పాజిటివ్ ఇస్తుంది.

కొత్తషెడ్డు:
మాది క్లాసికల్ స్వైన్ ఫీవర్ టీకా వేసిన మంద. ఎలీసా (రక్తంలో యాంటీబాడీలు వెతికే పరీక్ష) పాజిటివ్ వస్తే ఏమనుకోవాలి?

ఎలీసాప్లేటు:
మామూలు టీకా అయితే యాంటీబాడీ టీకాదో రోగానిదో ఎలీసా చెప్పలేదు. చిన్న పిల్లల్లో తల్లి పాల యాంటీబాడీ కూడా పాజిటివ్ ఇస్తుంది. రోగం అనుమానమైతే పీసీఆరే. పైకి ఇదీ ఏఎస్ఎఫూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఒకే నమూనాకి రెండూ అడగండి. లైవ్ టీకా వేసిన కొత్తలో పీసీఆర్ టీకా వైరస్‌నే పట్టొచ్చు. నమూనాతో పంపే కాగితం మీద టీకా తేదీ రాయకపోతే ల్యాబువాళ్లు చీకట్లో తడుముకున్నట్టే.

ఊదామూత:
ఖర్చు తగ్గించడానికి 5 రక్తాలు కలిపి ఒకటిగా పంపేవాళ్లకి ఒక మాట. అయిదింటిలో ఒకటే పాజిటివ్ అయితే వైరస్ అయిదో వంతుకి పల్చబడుతుంది, సీటీ విలువ (పీసీఆర్‌లో వైరస్ కనబడటానికి పట్టే చుట్ల లెక్క, వైరస్ తక్కువైతే ఇది ఎక్కువ) 2 పైచిలుకు పెరుగుతుంది. ఒంటరిగా 25 వచ్చేది 27 అవుతుంది, నష్టం లేదు. కానీ ఒంటరిగా 36 వచ్చేది 38 దాటి నెగటివ్‌లో కలిసిపోతుంది. జ్వరమున్నవాటి రక్తాన్ని మాత్రం విడిగానే పంపండి, కలపాల్సింది పైకి బాగున్నవాటినే. కలిపాక కూడా ఒక్కోదాన్ని కాస్త ఫ్రీజర్‌లో దాచండి, పాజిటివ్ వస్తే అయిదింటినీ విడివిడిగా చెయ్యాలి.