చల్లా యంబలా, చల్లన్నంబలా?

లిస్బన్ వలస:
మొన్న శనివారం రైలెక్కి దక్షిణాన అల్గార్వ్ తీరంలో ఒల్యావ్ అనే రేవు ఊరికి వెళ్ళాం. చేపల బజారు రెండు ఎర్ర ఇటుకల కట్టడాలు, వాటిని ఆనుకునే నీళ్ళు. తిన్నగా సముద్రం కాదు, రియా ఫుర్మోజా అనే ఉప్పుకయ్య. అవతల ఇసుక లంకలు, వాటికవతల అసలు సముద్రం. ఆ ఒడ్డునే బల్ల మీద కాగితం పరిచే చిన్న హోటల్లో కూర్చున్నాం. ఎవరికీ తొందర లేదు, వడ్డించే ఆవిడకి అసలే లేదు.

అడక్కుండానే రొట్టె, ఆలివ్ కాయలు, క్యారెట్ ముక్కలు వచ్చి కూర్చున్నాయి. ముట్టుకుంటే బిల్లులో పడతాయి, ముట్టకపోతే వెనక్కి తీసుకెళ్తారు. మూడేళ్ళయింది ఈ దేశం వచ్చి, ఇంకా నా చెయ్యి ఆగదు. ఉడికించిన క్యారెట్టుకి వెల్లుల్లి, జీలకర్ర, వెనిగర్ పట్టించి ఊరనిస్తారు. మన పచ్చడికి దూరపు చుట్టం.

తర్వాత షరేం. పసుప్పచ్చటి మొక్కజొన్న జావ, పైన నోళ్ళు తెరిచిన గుల్లలు, వేయించిన పందిమాంసం తునకలు. గుల్లలు ఉడికిన నీళ్ళు పారబొయ్యరట. వడకట్టి, ఆ నీళ్ళలోనే పిండి జల్లుతూ తిప్పుతూనే ఉండాలి, చెయ్యి ఆపితే ఉండ కడుతుందని ఆవిడే చెప్పింది. మా అమ్మమ్మ జొన్న అంబలి కాచేటప్పుడు అన్నదీ అక్షరాలా ఇదే మాట.

మొదటి చెంచాకే నాలిక కాలింది. ఎందుకో, కన్నడ రాజ్యంలో అక్కడి వేషం, తిండి గురించి శ్రీనాథుడు మొరపెట్టుకున్న "కుల్లా యుంచితి" పద్యం నోట్లోకొచ్చింది. రెండు పాదాలు గడగడా చదివేశాను. మూడో పాదం మొదట్లోనే ఆగిపోయాను. "చల్లా యంబలి ద్రావితిన్" అని అచ్చులో చూసినట్టు గుర్తు. మా నాన్న మాత్రం "చల్లన్నంబలి" అని చదివేవారు. ఏది సరైనది? పైగా ఆ చల్ల మజ్జిగా, చల్లదనమా? పద్యమంతా పెట్టక్కర్లేదు, అందరికీ వచ్చిందే.

గణవిభజన:
పద్యం శార్దూలం. పాదంలో మొదటి గణం మగణం, మూడూ గురువులే. చల్-లా-యం సరిపోయింది. మీ నాన్నగారి చల్-లన్-నం కూడా సరిపోయింది. కాబట్టి ఛందస్సు తీర్పు చెప్పదు, వ్యాకరణాన్ని అడగాలి. చల్లన్ మీద అంబలి వస్తే చల్లనంబలి అవుతుంది. ఆ నకారానికి ద్విత్వం ఎవరిచ్చారు? ద్విత్వం తీసేస్తే నడుమ లఘువు పడి గణం చెడుతుంది. నాన్నగారిది వినసొంపైన తప్పు.

చాటుమాటు:
మరి చల్లాలో దీర్ఘం ఎవరిచ్చారు మాష్టారూ? చల్ల, అంబలి కలిస్తే చల్లంబలి కావాలి, లేదా చల్లయంబలి కావాలి. రెండిట్లోనూ గణం కుదరదు. ద్విత్వం దొంగదైతే దీర్ఘం దొర ఎలా అయింది?

గణవిభజన:
శ్రీనాథుడు పెట్టాడు గనక.

చాటుమాటు:
పెట్టాడని తాళపత్రం మీద సంతకం చేసిచ్చాడా? అది చాటువు, నోటి నుంచి నోటికి పాకిన పద్యం. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు అలాంటివన్నీ ఏరి కూర్చేలోపు ఎన్ని నోళ్ళలో నలిగిందో. ఒకరి నోట్లో దీర్ఘమైంది, ఒకరి నోట్లో ద్విత్వమైంది. ఈ అమ్మాయి నాన్నగారిది కూడా ఒక పాఠమే.

పాలమూరోడు:
సల్ల అంటే మజ్జిగనే. ఇందుల లొల్లేముంది? మా ఇంట్ల ఇప్పటికీ మజ్జిగ అననే అనరు. జొన్న అంబలిల సల్ల పోసుకోని ఉల్లిగడ్డ నంజుకుంట తాగుడే. సల్లకొచ్చి ముంత దాచినట్టు అంటరు గద, ఆడ గూడ సల్లదనం కోసమే ముంత తెచ్చిండా?

చాటుమాటు:
సామెత ఒప్పుకున్నాం అన్నా. కానీ చల్ది సంగతేంటి? చల్లబడ్డ అన్నం గనకే చల్ది. పోతన గారి కృష్ణుడు "మీగడ పెరుగుతో మేళవించిన చల్ది ముద్ద" ఎడమ చేత పట్టుకున్నాడు. పెరుగు విడిగా చెప్పాల్సొచ్చిందంటే చల్దిలో పెరుగు లేదనేగా? ఆ లెక్కన చల్ల అంటే ముందు చల్లదనం, మజ్జిగ ఆ తర్వాత.

గణవిభజన:
చల్ది వేరు, చల్ల వేరు. కానీ ఆ సీసం ఎత్తారు గనక వదిలేస్తున్నా. తర్వాత పాదం చూడండి, "చెలరేగి కొసరి తెచ్చిన యూరుగాయలు వ్రేళ్ళ సందులయందు వెలయ నిరికి". కొసరి తెచ్చుకున్నాడట! ఇంట్లో అమ్మని సతాయించి తెచ్చుకున్న ఊరగాయ ఒక్క మాటలో కనిపిస్తుంది. తిండి రాయడంలో పోతన ముందు శ్రీనాథుడు నిలవడు.

చాటుమాటు:
ఇది మాత్రం అన్యాయం. పోతన తిండి చూసి మురిశాడు. శ్రీనాథుడు తిండి తిని తిట్టాడు. తిట్టడానికే ఎక్కువ నాలిక కావాలి. "తింత్రిణీపల్లవయుక్తమౌ నుడుకు బచ్చలిశాకము జొన్నకూటితో" ఒక్క ముద్ద మింగి చూడమని పల్నాట్లో సాక్షాత్తూ కృష్ణుణ్ణే సవాలు చేశాడు. పూతన విషం తాగినవాడూ, కార్చిచ్చు మింగినవాడూ ఈ ముద్ద దగ్గర ఓడిపోతాడని! చింతచిగురు బచ్చలి అంటే నాకు ప్రాణం, అయినా ఆ పద్యం చదివితే నవ్వాగదు.

పాలమూరోడు:
గా పద్యంల "ఉడుకు" అంటే వేడి అని మీ కోస్తోళ్ళకు ఎవరన్న చెప్పిన్రా? ఉడికిచ్చిన అని రాసిన టీక జూసిన నేను. మా దగ్గర ఉడుకు నీళ్ళంటే వేడి నీళ్ళే.

హోసూరు మాష్టారు:
మీరంతా మూడో పాదం దగ్గర కొట్టుకుంటున్నారు, తాళంచెవి మొదటి పాదంలో ఉంది. కుల్లాయి అనే పారసీ టోపీ మాటకి "ఉంచితి" కలిస్తే కుల్లాయుంచితి. ఆ ధాటీలోనే చల్లాయి, అంబలి కలిస్తే చల్లాయంబలి. పరాయి రాజ్యంలో నెత్తిన పరాయి టోపీ, చేతిలో పరాయి గిన్నె. తెలుగు చల్లకి కూడా ఒక కుల్లాయి తొడిగి వెక్కిరించాడు కవి. ముప్పై ఏళ్ళుగా చెబుతున్నా, వినే నాథుడు లేడు. రోజూ కన్నడమూ తెలుగూ రెండూ వినేవాళ్ళకి ఈ వెటకారం వెంటనే అందుతుంది.

గణవిభజన:
చల్లాయి అనే మాట ఏ నిఘంటువులో ఉందండీ?

హోసూరు మాష్టారు:
నిఘంటువులో ఉంటే నేను చెప్పడమెందుకండీ?

ఉప్పుటేరు:
వ్యాకరణం మీరు తేల్చుకోండి గానీ, గుల్లలతో అంబలేంటండీ బాబూ! మా కాకినాడ వైపు గుల్లలంటే సున్నం బట్టీయే ముందు గుర్తొస్తుంది. ఓడ మీద ఉద్యోగం చేసే రోజుల్లో లిస్బన్ రేవులో దిగాను. చలికి వణుకుతుంటే హోటలువాడు కాంజా అని వేడి వేడి గిన్నె ముందు పెట్టాడు. కోడి రసంలో నాలుగు మెతుకులు, కాస్త మాంసం. ఒక్క గుక్క తాగి, ఇది మన గంజి కదరా అన్నాను. పక్కవాడు నవ్వాడు. నిజంగానే అది మన మాటేనట. శ్రీనాథుడి అంబలి వదిలెయ్యండి, అసలు కథ గంజిది.

గణవిభజన:
మన మాట అనకండి, మన వైపు మాట అనండి. కాంజాలో మొదటి అక్షరం క. తెలుగులో, కన్నడంలో గంజి. తమిళం, మలయాళంలోనే క. 1498లో వాస్కో డ గామా దిగింది కోళిక్కోడు దగ్గర, మచిలీపట్నంలో కాదు. ఒక్క హల్లుతో ఓడ ఎక్కడ ఆగిందో తెలిసిపోతుంది.

హోసూరు మాష్టారు:
సంస్కృతంలో కాంజికం ఉంది.

గణవిభజన:
ఉంది. ఎవరి దగ్గర అప్పు తెచ్చుకుందో మళ్ళీ మొదలుపెడితే ఈ దారం సంక్రాంతి దాకా సాగుతుంది.

ఉప్పుటేరు:
గోవాలో ఉన్న పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా 1563లో అచ్చేసిన పుస్తకంలో రాశాడు. బియ్యం పిండిన నీళ్ళలో మిరియాలూ జీలకర్రా వేసి రోగికి తాగిస్తారు, దాన్ని కాంజె అంటారని. మా బామ్మ జ్వరం పత్యం అచ్చంగా అదే. అక్కడ ఇంకో తమాషా. "ఇది కాంజా" అన్నారంటే చాలా తేలికైన పని అని. మనం గంజినీళ్ళు అంటే లేమి, వాళ్ళు కాంజా అంటే సుళువు. ఒకే గిన్నె.

లిస్బన్ వలస:
అవునండీ, ఆఫీసులో మా టీమ్ లీడర్ ఏ పని చెప్పినా "కాంజా" అనే అంటాడు. రాత్రి పదింటికి గానీ అవదు. ఒల్యావ్‌లో ఆ రోజు చిన్న గుల్లలు వేసిన కాంజా కూడా ఉంది, మేం షరేం తీసుకున్నాం. ఇంతకీ చల్లా...

చాటుమాటు:
ఒక్క నిమిషం. శ్రీనాథుడి ఆ భోజనంలో మిరపకాయ లేదు, గమనించారా? వెల్లుల్లి ఉంది, తిలపిష్టం అంటే నువ్వుల పిండి ఉంది, అంబలి ఉంది. విజయనగరాన్నేలిన ప్రౌఢదేవరాయల కాలం, 1446లో ఆ రాజు పోయేనాటికి మిరప ఇంకా సముద్రాలవతలే. తెచ్చింది మీ పోర్చుగీసువాళ్ళే. ఆ మాటకొస్తే మొక్కజొన్నా అమెరికాల నుంచే. కాబట్టి శ్రీనాథుడి రోజుల్లో ఒల్యావ్‌లో షరేం కాచినా మొక్కజొన్నతో కాదు.

పాలమూరోడు:
మిరపకాయ లేకుంట కోపమొచ్చుడు న్యాయమే.

ఉప్పుటేరు:
గుల్లల సంగతి పూర్తి కాలేదండీ. వెల్లుల్లి, కొత్తిమీర, ఆలివ్ నూనె, నిమ్మరసంతో చేసే గుల్లల కూర ఒకటుంది. పేరు బుల్యావ్ పాతు. అది మనిషి పేరు, 1912లో పోయిన కవి. పద్యాలు ఇప్పుడు చదివేవాళ్ళు తక్కువ, గుల్లలు మాత్రం ఆ తీరమంతా ప్రతి హోటల్లో ఆయన పేరు మీదే అమ్ముడుపోతాయి.

చాటుమాటు:
అదీ కీర్తి అంటే! మనవాడు కనకాభిషేకం చేయించుకుని, కంచుఢక్కా పగలగొట్టించి, చివరికి ఏ ఇడ్లీకీ పేరు కాలేకపోయాడు. శ్రీనాథ బచ్చలి అని ఎవరైనా హోటల్ పెడితే మొదటి బల్ల నాది.

గణవిభజన:
వలస గారూ, మిమ్మల్ని ఒకటి అడగాలి. పద్యం మీకు అంబలి చూసి గుర్తొచ్చిందా, వడ్డించినావిణ్ణి చూసి గుర్తొచ్చిందా? "విశ్వస్త వడ్డింపఁగా" అన్నది రెండో పాదం చివర. విశ్వస్త అంటే నమ్మకస్తురాలు కాదు. అమరకోశం చూడండి, "విశ్వస్తా విధవే సమే".

లిస్బన్ వలస:
అయ్యో. ఇన్నాళ్ళూ నమ్మకంగా వడ్డించే మనిషి అనుకుంటున్నాను. ఆవిడ హోటలాయన తల్లి. నల్ల బట్టలు, నల్ల స్వెట్టరు, ఎండలో కూడా. ఇక్కడ తీరం ఊళ్ళలో పాతకాలపు ముసలమ్మలు భర్త పోతే జీవితాంతం నలుపే కడతారు. నేను పద్యం గొణుక్కుంటుంటే ఏదో ప్రార్థన అనుకుని ఆవిడ కాసేపు పక్కనే నిలబడింది. నాలిక కాలిందని చూసి నీళ్ళు పోసింది.

హోసూరు మాష్టారు:
చూశారా, పద్యానికి పద్యం తెలుసు.

పాలమూరోడు:
సార్, ఆమె అడిగింది సల్ల గురించి.

గణవిభజన:
చెప్పేశాను కదా. చల్లా, మజ్జిగ.

చాటుమాటు:
మీరు చెప్పారు. తేలలేదు.

లిస్బన్ వలస:
రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. చదవమంటే "చల్లన్నంబలి" అనే చదివారు. ఇంకోసారి చదవండి అన్నాను. ఈసారి "చల్లా యంబలి" వచ్చింది. ఏది నాన్నా అంటే "రెండూ ఒకటే కదే" అన్నారు. మజ్జిగా, చల్లనా అంటే, "మజ్జిగ చల్లగా ఉండదా ఏంటి? ముందు భోంచేశావా?" అన్నారు.

గణవిభజన:
నాన్నగారికి నమస్కారం. అయినా ఆ ద్విత్వం ఒప్పుకోను.

ఉప్పుటేరు:
అమ్మా, ఆ క్యారెట్లు ఉడికాక వెల్లుల్లి దంచి వేస్తారా, పలుచగా తరిగి వేస్తారా? మా ఆవిడ అడుగుతోంది.